సిగ్గు పోయాక వెళ్దాం అనుకుంటే ఎప్పటికీ వెళ్లరు: మనసు డాక్టర్ దగ్గరికి మొదటిసారి వెళ్లడం ఎలా

రెండేళ్లలో నాలుగు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ఒక ఎండోస్కోపీ, లెక్కలేనన్ని గ్యాస్ మాత్రలు. రిపోర్టులన్నీ నార్మల్. నాకు మాత్రం రాత్రి పదకొండు దాటితే గుండె దడ, అరచేతుల్లో చెమట, ఈ పూటతో అయిపోయిందేమో అన్నంత భయం. ఖమ్మంలో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తే "రాత్రిళ్లు బయటి తిండి మానెయ్యరా, గ్యాస్ పైకి తంతుంది" అనేది. మూడో ఏడు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయన అరగంట మాట్లాడించి, ఇది పానిక్ డిజార్డర్ అని, దాని వెనక డిప్రెషన్ కూడా ఉందని చెప్పాడు.

ఇందులో నేను సిగ్గుపడాల్సిన విషయం ఒకటే. నాకు ఆ సంగతి మొదటి ఏడాదిలోనే తెలుసు. గుండె డాక్టరే "ఒకసారి సైకియాట్రీలో చూపించుకో బాబూ" అని చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకుని ఏడాదికి పైగా తిరిగాను. హైదరాబాద్‌లో ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యండ్రా" అని నవ్వే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను మరి. ఇప్పుడు ఆ జోకు నామీదే పేలుతుందని భయం.

సిగ్గు పోయాక వెళ్దాం అని ఎదురుచూశాను. అది పోలేదు. వెళ్లాక, మూడో నాలుగో విజిట్‌కి, చెప్పాపెట్టకుండా పోయింది. అందుకే కింద రాసేదంతా సిగ్గుతోనే, ముఖానికి మాస్క్ పెట్టుకునైనా సరే, ఆ గుమ్మం దాకా ఎలా వెళ్లాలో చెప్పడానికి.

1. మీ ఒళ్లు ఏం చెబుతోందో ముందు రాసుకోండి

మన ఇళ్లలో "నాకు డిప్రెషన్‌గా ఉంది" అని ఎవరూ మొదలుపెట్టరు. తలనొప్పి, నీరసం, గుండెల్లో గుబులు, కాళ్లు లాగడం, కడుపులో మంట, ఇలా మొదలవుతుంది. అబద్ధం కాదది. మనసు బాగాలేనప్పుడు ఒళ్లు నిజంగానే నొప్పెడుతుంది. కాకపోతే ఒంటి చుట్టూ తిరిగి అక్కడే ఆగిపోతాం.

ఒక రెండు వారాలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఎన్నింటికి నిద్ర పట్టింది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసిందా, అన్నం సహించిందా, స్నానం చేయడానికి కూడా బద్ధకం అనిపించిందా, ఇదివరకు ఇష్టపడి చేసిన పని (నాకైతే ఆదివారం క్రికెట్) ఇప్పుడు చేయబుద్ధవుతోందా. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు రోజంతా, రెండు వారాలకు పైగా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటుంటే చూపించుకోవాల్సిందే. పానిక్ అయితే వేరుగా ఉంటుంది. ఉన్నట్టుండి వచ్చి పది నిమిషాల్లో పీక్‌కి వెళ్లి, చాలామందికి అరగంటలోపు దిగిపోతుంది. దిగిపోయాక "మళ్లీ ఎప్పుడొస్తుందో" అన్న భయం మాత్రం రోజంతా కూర్చుంటుంది. నేను లిఫ్టు ఎక్కడం మానేసింది దాని వల్లే, ఆరో అంతస్తు ఆఫీసుకి మెట్లెక్కుతూ "ఫిట్‌నెస్" అని అందరికీ చెప్పేవాణ్ని.

ఒక మాట. ఛాతీలో నొప్పి కొత్తగా వస్తే "టెన్షనే లే" అని వదిలేయకండి, ఈసీజీ తీయించుకోండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 తక్కువ కావడం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, ఆ పరీక్షలు ఒకసారి చేయించుకోవచ్చు. ఒకసారి అన్నాను. నాలుగుసార్లు కాదు.

2. "నలుగురు ఏమనుకుంటారు" అంటే ఆ నలుగురి పేర్లు రాయండి

ఇది పిచ్చి పనిలా అనిపిస్తుంది కానీ నాకు బాగా పనిచేసింది. కాగితం తీసుకుని, ఎవరికి తెలుస్తుందని భయపడుతున్నానో వాళ్ల పేర్లు రాశాను. తీరా చూస్తే నలుగురు కూడా లేరు. మా మేనేజర్, సంబంధాలు చూస్తున్న మా పెద్దమ్మ, అమ్మ. మేనేజర్‌కి నేను చెబితే తప్ప తెలిసే దారి లేదు. పెద్దమ్మ ఖమ్మంలో ఉంటుంది, ఆసుపత్రి హైదరాబాద్‌లో. మిగిలింది అమ్మ.

ఊళ్లో ఉండేవాళ్లకి ఈ లెక్క ఇంత తేలిగ్గా తేలదని తెలుసు. డాక్టర్ బోర్డు కింద నిలబడితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అలాంటప్పుడు పక్క జిల్లా కేంద్రానికి వెళ్లండి, తప్పేం లేదు. లేదా పెద్ద ప్రభుత్వాసుపత్రి ఓపీకి వెళ్లండి, అక్కడ చీటీల క్యూలో మోకాళ్ల నొప్పివాళ్లూ, షుగర్‌వాళ్లూ, మీరూ ఒకటే. ఎవరైనా అడిగితే "నిద్ర పట్టట్లేదు, చూపించుకుందామని" అనండి. అబద్ధం కూడా కాదు.

పైగా మీరు ఒంటరి కేసేమీ కాదు. 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ సమస్యలను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదనీ తేలింది. అంటే మీ అపార్ట్‌మెంట్‌లో వంద మంది పెద్దవాళ్లుంటే పదిమంది, ఆ పదిమందిలో ఎక్కువమంది గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తున్నవాళ్లే.

3. ఒక్కరికి చెప్పండి, ఒక్కరికే

అందరికీ చెప్పి ధైర్యవంతులు అనిపించుకోవాల్సిన పని లేదు. ఒకరిని ఎంచుకోండి. సలహాలు తక్కువ ఇచ్చేవాళ్లు, రహస్యం కడుపులో దాచుకునేవాళ్లు. నేను అక్కకి చెప్పాను. నేరుగా చెప్పలేక మెసేజ్ టైప్ చేసి, చెరిపేసి, చివరికి ఫోన్ చేశాను.

"అక్కా, డాక్టర్ దగ్గరికి తోడు రావాలే."

"ఏమైందిరా? మళ్లీ గుండె దడా?"

"అదే. కానీ గుండె డాక్టర్ కాదు. మనసు డాక్టర్."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి "మీ బావ కూడా రెండేళ్ల నుంచి నిద్ర మాత్ర వేసుకుంటున్నాడురా, ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది. అంటే బావా నేనూ ఒకే పండక్కి ఒకే ఇంట్లో కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటున్నామన్నమాట.

చెప్పేటప్పుడు జబ్బు పేరుతో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. "నాకు డిప్రెషన్" అంటే "నీకేం తక్కువ?" అని వస్తుంది. "మూడు నెలలుగా రాత్రి మూడు గంటలే నిద్ర, శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, తోడు రా" అంటే ఎదుటి మనిషికి చేయడానికి ఒక పని దొరుకుతుంది. మనవాళ్లకి ఓదార్చడం పెద్దగా రాదు గానీ ఆసుపత్రికి తోడు రమ్మంటే మాత్రం టిఫిన్ కట్టుకుని మరీ వస్తారు.

ఇంట్లో దిష్టి తీస్తామంటే తీయించుకోండి, గుడికి తీసుకెళ్తామంటే వెళ్లండి. దీనిమీద గొడవ పడి ఓపిక ఖర్చు చేసుకోవద్దనేది నా అభిప్రాయం. అమ్మ హనుమంతుడి గుళ్లో నలభై రోజులు ప్రదక్షిణలు చేయమంది. చేస్తానన్నాను, దాంతోపాటు మాత్రా వేసుకుంటానన్నాను. ఒప్పందం కుదిరింది. కానీ "ఆ మందులు మాని ఈ విభూతి పెట్టుకో" అనేవాళ్లున్నారే, అక్కడ మాత్రం మొహమాటపడకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, జబ్బు నయమవుతుందని దర్గా దగ్గర ఉంచి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పారిపోలేక చనిపోయారు. నమ్మకం తప్పని అనను, దాన్ని మందు స్థానంలో కూర్చోబెట్టకూడదు అంతే.

4. ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఇక్కడ చాలామంది తప్పు గుమ్మం ఎక్కుతారు. మన దగ్గర "నరాల డాక్టర్" అనే మాట ఒకటుంది, మూర్ఛకీ, పక్షవాతానికీ, దిగులుకీ అందరూ ఆయన దగ్గరికే. నరాలు, మెదడు జబ్బులు చూసేది న్యూరాలజిస్ట్. మనసు జబ్బులు చూసి మందులు రాసేది సైకియాట్రిస్ట్, ఆయన ఎంబీబీఎస్ చదివి ఆపైన సైకియాట్రీలో ఎండీ లాంటిది చేసిన డాక్టరే. మాటలతో థెరపీ చేసేది క్లినికల్ సైకాలజిస్ట్, మందులు రాయరు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఉందా అని అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు. "కౌన్సెలర్", "లైఫ్ కోచ్" అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు కాబట్టి చదువేంటో అడిగి వెళ్లండి. నిద్ర, తిండి, పని దెబ్బతినేంతగా ఉంటే ముందు సైకియాట్రిస్ట్, ఆయనే థెరపీ కావాలో లేదో చెబుతారు.

డబ్బు గురించి భయపడి ఆగొద్దు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. అవి కాకుండా వరంగల్ ఎంజీఎం, గుంటూరు, కర్నూలు జనరల్ ఆసుపత్రులు, తిరుపతి రుయా లాంటి బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది, దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో కూడా చూస్తారు, ఏ రోజుల్లో అన్నది ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఎర్రగడ్డ అనగానే ఊచలూ అరుపులూ గుర్తొస్తాయి కదా. ఓపీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొద్దున వచ్చి మధ్యాహ్నానికి మందులు తీసుకుని బస్సెక్కి ఇంటికి పోయేవాళ్లే.

5. అసలు కదలబుద్ధి కాకపోతే 14416

టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. 14416 కి గానీ 1800 891 4416 కి గానీ చేస్తే 24 గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడి, అవసరమైతే పైనున్న నిపుణులకి కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఏం చెప్పాలో తెలియక పెట్టేస్తామేమో అనుకుంటే ఇదిగో, ఇది చూసి చదవండి: "నాకు ఇన్ని రోజులుగా నిద్ర పట్టట్లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు, ఏం చేయాలో తెలియక చేశాను." మిగతాది వాళ్లే అడుగుతారు.

6. మొదటి రోజు లోపల ఏం జరుగుతుంది

సోఫా మీద పడుకోబెట్టరు. మామూలు గది, మామూలు కుర్చీ. ఎప్పటినుంచి, ఎలా మొదలైంది, నిద్ర, ఆకలి, పని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, మందు తాగుతారా, సిగరెట్టా, వేరే జబ్బులకి ఏ మాత్రలు వాడుతున్నారు, ఇవీ ప్రశ్నలు. క్యాలెండర్ గుర్తులు, పాత మందుల చీటీలు పట్టుకెళ్తే సగం పని అయినట్టే. తాగుడు గురించి అబద్ధం చెప్పొద్దు, అక్క పక్కనుంది కదా అని నేను చెప్పాను, మందుల మోతాదు దానిమీద ఆధారపడుతుందని తెలిశాక రెండోసారి సరిచేసుకోవాల్సి వచ్చింది. తోడు వచ్చినవాళ్లని కాసేపు బయట కూర్చోమని డాక్టరే చెబుతారు, చెప్పకపోతే మీరు అడగండి.

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని తప్పకుండా అడుగుతారు. ఉలిక్కిపడకండి. అందరినీ అడుగుతారు. నేను లేదనబోయి, అవునన్నాను. ఆయన తల ఊపి, ఎప్పుడు, ఎంతసేపు అని, జ్వరం ఎప్పటినుంచి అని అడిగినంత మామూలుగా అడిగాడు. ఆ మామూలుతనం చూసి నాకు ఏడుపొచ్చింది.

మీరు చెప్పింది బయటికి పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2018 మే 29 నుంచి అమల్లో ఉంది) గోప్యతని మీ హక్కు చేసింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీరు ఒప్పుకోకుండా డాక్టర్ మీ ఆఫీసుకో చుట్టాలకో చెప్పకూడదు.

మొదటి డాక్టర్ నచ్చకపోవచ్చు. నేను పేరు చెప్పను గానీ, అక్కతో వెళ్లడానికి ఆర్నెల్ల ముందు జ్వరానికి వెళ్లిన ఒకచోట ఇదంతా చెబితే "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. అలాంటివాళ్లు తగిలితే గుమ్మం మార్చండి, దారి మార్చొద్దు. పెళ్లితో డిప్రెషన్ పోదు. ఇంకో మనిషి జీవితం కూడా ఇందులోకి వస్తుంది, అంతే.

7. మాత్రల సంగతి

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు వేసుకున్న రోజే పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఈలోపు మొదటి వారంలో వికారం, తలనొప్పి, కొందరికి కంగారు ఇంకాస్త పెరగడం కూడా ఉంటుంది. అంటే కష్టం ముందు, సుఖం తర్వాత. ఆ మొదటి పదిరోజుల్లోనే "ఈ మందు పడట్లేదు" అని మానేస్తాం. మానకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. వికారం సామాన్యంగా తగ్గిపోతుంది. కంగారు భరించలేనంతగా ఉన్నా, చావు ఆలోచనలు పెరిగినా, ముఖ్యంగా పాతికేళ్లలోపు పిల్లలకి, అదే రోజు చూపించండి.

రెండో గొయ్యి బాగయ్యాక. మూడో నెలలో నాకు హాయిగా ఉంది, లిఫ్టు కూడా ఎక్కుతున్నాను, ఇంకెందుకు మాత్ర అని ఒక శుక్రవారం ఆపేశాను. ఆదివారానికి తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు. నెల తిరిగేసరికి దడ మళ్లీ వచ్చింది. డాక్టర్ తిట్టలేదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. బాగనిపించాక కూడా సామాన్యంగా ఆరునెలలు, ఆపైన కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు.

"ఈ మాత్రలు అలవాటు పడిపోతాయట కదా" అంటారు. ఆ మాట పుట్టింది నిద్ర మాత్రల వల్ల, అల్ప్రాజోలం లాంటివి. అవి నిజంగానే అలవాటు చేస్తాయి, అందుకే డాక్టర్ కొద్దిరోజులకే రాస్తారు, మెడికల్ షాపులో తెలిసినవాడున్నాడని చీటీ లేకుండా కొని వేసుకోవడం మానండి (బావకి ఇదే చెప్పాం, ఆయనది తగ్గించడానికి నాలుగు నెలలు పట్టింది). డిప్రెషన్ మందులు ఆ బాపతు కాదు. వాటికోసం ఆరాటం పుట్టదు, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించదు, ఆపేటప్పుడు మాత్రం మెట్లుమెట్లుగా దిగాలి.

8. జబ్బు మీది కాదు, ఇంట్లోవాళ్లది, రానంటున్నారు

గుడికి పోదామని ఆటో ఎక్కించి ఆసుపత్రిలో దింపడం మనవాళ్లకి అలవాటు. వద్దు. ఒకసారి పనిచేస్తుంది, తర్వాత మీరు అన్నం పెట్టినా అనుమానిస్తారు. ముందు మీరొక్కరే వెళ్లి డాక్టర్‌తో మాట్లాడండి, లేదా 14416 కి చేయండి, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. వాళ్లకి "నీకు మనసు బాలేదు" అనకండి, వాళ్లని ఏది బాధపెడుతోందో దాన్ని పట్టుకోండి. నాన్న నిద్ర లేక చిరాకుపడుతుంటే "నిద్ర కోసం చూపిద్దాం నాన్నా" అంటే వస్తారు. కాన్పయిన కోడలు పిల్లని ఎత్తుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంటే "ఒళ్లు బద్ధకం" అని సాధించే ముందు కాన్పు చేసిన డాక్టరమ్మకే చెప్పండి, బాలింతల డిప్రెషన్ ఆవిడకి కొత్త కాదు.

ఇక ఆగకూడని సందర్భాలు. చనిపోతానని అనడం, అప్పగింతల్లా మాట్లాడటం, ఉన్న వస్తువులు పంచేయడం, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనడం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఊగిపోవడం. ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి, అవసరమైతే 108. "చచ్చేవాడు చెప్పి చావడు" అనే మాట పచ్చి అబద్ధం, చాలామంది ఏదో ఒక రూపంలో చెబుతారు. వ్యవసాయం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, దూరంగా తాళం వేసి, తాళం చెవి వేరేవాళ్లకి ఇవ్వండి. ఆ క్షణం చాలాసార్లు దాటిపోయే క్షణం, చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. ఎవరైనా ప్రయత్నం చేస్తే పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆగొద్దు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేగా రుజువైతే తప్ప శిక్షించకూడదు.

9. ఆఫీసు, ఇన్సూరెన్స్, సంబంధాలు

ఆఫీసులో చెప్పాలా అంటే, సెలవు కావాలంటే "ఆరోగ్యం బాలేదు" చాలు. ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బుల్నీ మిగతా జబ్బుల్లాగే కవర్ చేయాలని అదే చట్టం చెప్పింది, 2018లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకి ఆదేశమిచ్చింది. కాకపోతే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ ఖర్చు మన జేబులోంచే. కొత్త పాలసీ తీసుకునేటప్పుడు వాడుతున్న మందుల గురించి దాచకండి, తర్వాత క్లెయిమ్ కొట్టేస్తారు.

సంబంధాల విషయంలో నా అభిప్రాయం చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. పెళ్లిచూపుల్లో పదిమంది ముందు చెప్పక్కర్లేదు. కానీ ఖాయం చేసుకునే ముందు ఆ అమ్మాయికో అబ్బాయికో నేరుగా చెప్పాలి. నాకు ఒక సంబంధం దీనివల్లే తప్పిపోయింది. పెద్దమ్మ ఇప్పటికీ "నోరు మూసుకుని ఉంటే అయిపోయేది కదరా" అంటుంది. అయిపోయేదే, ఆ తర్వాత మాత్రల స్ట్రిప్పు ఎక్కడ దాచాలో వెతుక్కుంటూ బతకాల్సి వచ్చేది.

దాచడం అంటే గుర్తొచ్చింది. అమ్మ నా దగ్గరికి వచ్చి ఉన్న కొత్తలో, చుట్టాలొస్తే నా స్ట్రిప్పు తీసుకెళ్లి కందిపప్పు డబ్బాలో పెట్టేది. నేను మాత్ర కోసం డబ్బాలన్నీ మూతలు తీసుకుంటూ తిరిగేవాణ్ని. ఒకసారి రివ్యూకి అక్కకి కుదరక అమ్మని తీసుకెళ్లాను. డాక్టర్ నాతో మాట్లాడటం అయిపోయాక, ఊరికే మర్యాదకి, "మీకెలా ఉందమ్మా?" అన్నాడు. అంతే. నాన్న పోయి ఆరేళ్లయింది, ఆ రాత్రి నుంచి రెండింటికి లేచి కూర్చుంటున్నానని, లైటు వేస్తే పిల్లలు లేస్తారని చీకట్లోనే కూర్చుంటానని, మాకెవరికీ చెప్పనిది ఇరవై నిమిషాలు ఆయనకి చెప్పింది. నేను పక్క కుర్చీలో బొమ్మలా కూర్చున్నాను.

బయటికొచ్చి మెట్లు దిగుతూ చీర కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది, "నా పేరు మీద చీటీ రాయించుకోవాలంటే ఎంతవుతుందిరా?"